పడితే లేపగలిగేది

"నేను భోంచేసి వచ్చేలోగా తేల్చుకో వదినా" అని బుయాంత్ దుకాణానికి గొలుసైనా వెయ్యకుండా వెళ్ళిపోయాడు. ఈ ఊళ్ళో దొంగలు లేక కాదు, ముక్కాలిపీట మీద చతికిలబడ్డ దుల్మా అక్కణ్ణుంచి కదలదని అతనికి తెలుసు. దుకాణమంటే రెండు ఇనప కంటెయినర్లు, వాటి ముందు గులకరాళ్ళ జాగా. ఆ జాగాలో ఎడమ పక్క ఒక మోటారుసైకిలు, కుడి పక్క ఇంకో మోటారుసైకిలు, నడుమ దుల్మా. ఎడమది చైనా బండి, కొత్తది, సీటుకి చుట్టిన ప్లాస్టిక్ కూడా తియ్యలేదు, ఎర్రగా నిగనిగలాడుతోంది, ముందూ వెనకా ఇనప కడ్డీలు, ఇద్దరు మనుషులూ ఒక గొర్రే పట్టేంత సీటు, పైగా పాటలు పాడే డబ్బా ఒకటి. ఈ కొండల్లో ప్రతి గుడారం ముందూ ఇలాంటిదే ఉంటుంది, దాని బోల్టు పోతే పొరుగింటివాడి జేబులో దొరుకుతుంది. కుడిది జపాన్ బండి, పాతది, ఎవరో ఎక్కడో సరదాకి కొండలెక్కించి దించి వదిలేసింది, వెలిసిపోయిన ఆకుపచ్చ, పొడుగు కాళ్ళు, సన్న నడుము, టైర్లకి గుప్పెడేసి పళ్ళు. కొత్తది నలభై ఎనిమిది లక్షల తుగ్రిక్కులు, పాతది తొంభై లక్షలు. వాడేసినదానికి రెండింతలా, ఇదెక్కడి న్యాయమయ్యా అంటే బుయాంత్ నవ్వాడు, ఎక్కి చూస్తే నీకే తెలుస్తుంది అన్నాడు, ఎక్కమని మాత్రం అనలేదు. రెండు గంటలకల్లా బయల్దేరకపోతే తొంభై కిలోమీటర్లు పోయి పొద్దుగూకేలోగా ఇల్లు చేరదు, మందని ఇవాళ్టికి పక్క గుడారం చులూన్ పెళ్ళాం చూస్తోంది, ఆ మనిషి సాయం చేస్తే నెలరోజులు చెప్పుకుంటుంది. ఇప్పుడు పన్నెండున్నర.

పొద్దున్నించీ ఎవరు పలకరించినా ఒకటే మాట, మీ ఆయనకేది నచ్చుతుంది, మీ ఆయనకెలా ఉంది, మీ ఆయనొచ్చి చూసుకుంటే బావుండేది కదా. జీపులో పక్కన కూర్చున్న ముసలాయన అన్నాడు, పెట్రోలు బంకు దగ్గర ఎవరో అన్నారు, బుయాంత్ అయితే సరేసరి, రెండు బళ్ళూ చూపిస్తూ అన్నకి పొడుగు కాళ్ళు కాబట్టి ఇదైనా పరవాలేదు, అన్న బరువుకి అదైతే నిలబడుతుంది, అన్న అలా తోలతాడు, అన్న ఇలా తిప్పుతాడు అని ఎదురుగా నిలబడ్డ మనిషిని వదిలేసి తొంభై కిలోమీటర్ల అవతల మంచంలో ఉన్న మనిషికి బేరం చెప్పాడు. దుల్మా తలూపుతూ ఉండిపోయింది. తలూపడానికి పెద్దగా ఓపిక అక్కర్లేదు. ఆయన కూడా అంతే, పొద్దున్న బయల్దేరేటప్పుడు దిండుకి ఆనుకుని కూర్చుని మరీ చెప్పాడు, ఎర్రది తీసుకో, బరువైనదే తీసుకో, నా చేతికి అదే అలవాటు, తేలికబళ్ళు పిల్లగాళ్ళవి, వసంతానికల్లా లేచి తిరిగితే నేను దాన్నే కదా తోలేది అన్నాడు. అలాగే అంది తను. అలాగే అనడం కూడా తలూపడంలాంటిదే, అరవై గొర్రెల్ని అమ్మిన డబ్బు పొడుగు అంగీ లోపల నడుముకి కట్టుకుని, ఎర్రబండికి సరిగ్గా సరిపోయే డబ్బు, అలాగే అనుకుంటూ వచ్చింది. మరి వచ్చినదానివి గబుక్కున కొనేసి పోకుండా ఈ పీట మీద ఎందుకు కూర్చున్నావే అని తనని తనే అడిగింది. కాళ్ళు నొప్పిగా ఉన్నాయి, అందుకు, అనుకుంది. నిజమే, నొప్పిగానే ఉన్నాయి.

ఒళ్ళంతా నొప్పిగానే ఉంది, ఎప్పట్నించో. పొద్దున్న లేవడం, పొయ్యి రాజెయ్యడం, పాలు పితకడం, ఆయన్ని పక్కకి తిప్పి వీపు తుడవడం, టీ కాచి చేతికందించడం, గుర్రమెక్కి మంద వెంట పోవడం, మధ్యాహ్నం మందని వదిలేసి మళ్ళీ ఇంటికి రావడం, ఎందుకంటే ఆయన మంచినీళ్ళు అందక తాగకుండా ఉండిపోతాడు కానీ అడగడు, మళ్ళీ గుర్రమెక్కడం, ఈలోపల మంద రెండుగా చీలి ఒక సగం చులూన్ వాళ్ళ గడ్డిలోకి పోవడం, చులూన్ పెళ్ళాం ముఖం మాడ్చుకోవడం. గుర్రం మంచిదే, కానీ గుర్రానికీ అలుపొస్తుంది, దాన్నీ మెయ్యనివ్వాలి, నీళ్ళు పట్టాలి, బండయితే పెట్రోలు పోస్తే చాలు నోరెత్తదు. బండి ఉంటే గంటన్నర దారి ఇరవై నిమిషాలు. ఆ మిగిలిన గంటలో కూర్చోవచ్చు. ఊరికే కూర్చోవచ్చు. ఎన్నాళ్ళయింది ఊరికే కూర్చుని, అనుకుంది, ఇదిగో ఇప్పుడే కూర్చున్నావుగా అని మనసు ఎగతాళి చేసింది, అయినా ఇది కూర్చోవడం కాదు, నడుముకి అరవై గొర్రెలు కట్టుకుని ఎవరైనా కూర్చోగలరా. కూతురు నోమిన్ ఫోన్ చేసింది నిన్న, బడి హాస్టలు నుంచి, అమ్మా నేను చదువు మానేసి వచ్చేస్తాను అంది, తన్నులు తింటావు అంది తను, అంతకుమించి మాట్లాడే ఓపిక లేక పెట్టేసింది. పదహారేళ్ళ పిల్లని మెచ్చుకుని ఒక మంచిమాట అనాల్సింది. మళ్ళీ చేసినప్పుడు అంటుంది.

ఎర్రబండి మీద ఎండ పడి మెరుస్తోంది, కళ్ళలోకి కొడుతోంది. ఆయన పాత బండి కూడా ఎరుపే, మొన్న వసంతం దాకా గుడారం ముందు నిలబడ్డది. మంచు కరిగే రోజులు, నేలంతా బురద, ఆయన మందని తోలుకుని ఉత్తరపు వాలుకి పోయాడు, పొద్దుగూకే వేళకి గొర్రెలొచ్చాయి. గొర్రెలే వచ్చాయి. వెనక బండి చప్పుడు లేదు, ఈల లేదు, తిట్లు లేవు. దుల్మాకి చేతిలో పాలచెంబు ఎక్కడ పెట్టిందో ఇప్పటికీ గుర్తులేదు. ఆయన గుర్రమే కట్టి ఉంది, ఉయ్యాలలా నడిచే బూడిదరంగు గుర్రం, ఊళ్ళోవాళ్ళందరూ కన్నేసినది, జీనైనా వెయ్యకుండా దాని మీదే పోయింది. తర్వగలనే లావుపాటి నేల ఉడతల బొరియలు ఉంటాయి ఆ వాలు నిండా, పిల్లి దూరేంత నోళ్ళు, మంచు కింద కనపడవు, ముందు చక్రం అందులో పడింది, మనిషి పడ్డాడు, మనిషి మీద బండి పడింది. మధ్యాహ్నం నుంచి అలాగే ఉన్నాడు. వచ్చావా అన్నాడు, గొర్రెలు లెక్కకి సరిపోయాయా అన్నాడు. దుల్మా బండిని పట్టుకుని లేపబోయింది. హ్యాండిలు పట్టుకుని లేపింది, సీటు పట్టుకుని లేపింది, వీపు ఆనించి కాళ్ళు తన్నిపెట్టి లేపింది, జానెడు లేచేది, మళ్ళీ ఆయన మీదే పడేది, పడ్డప్పుడల్లా ఆయన పళ్ళు బిగించేవాడు. మూడోసారికి తను దేవుణ్ణి తిట్టింది. చివరికి గుర్రానికి తాడు కట్టి లాగించింది, ఆ గుర్రం బండిని ఎండు కొమ్మలా ఈడ్చేసింది, ఆ బండి మళ్ళీ పనికిరాలేదు. తర్వాత చాలా రోజులు దుల్మా తన చేతుల్ని చూసుకునేది. ఇప్పుడూ చూసుకుంది. ఏమంత చిన్న చేతులు కావు, రోజుకి పాతిక ఆవుల పాలు పితికే చేతులు, అయినా చాలలేదు.

లేచింది పీట మీంచి. ఎందుకు లేచిందో లేచేదాకా తనకే తెలియదు. ఎర్రబండి దగ్గరికి పోయి స్టాండు తీసి, రెండు చేతులా పట్టుకుని, నెమ్మదిగా, గొర్రెని కోతకి పడుకోబెట్టినంత ఒడుపుగా గులకరాళ్ళ మీద పడుకోబెట్టేసింది. కడ్డీ రాళ్ళకి రాసుకుని గీరింది, గీరితే గీరింది. హ్యాండిలు లోపలికి తిప్పి, బండికి వీపు పెట్టి కూర్చుని, ఒక చేయి హ్యాండిలుకి, ఒక చేయి సీటు కింద కడ్డీకి వేసి కాళ్ళు తన్నింది. జానెడు లేచింది. ఇంకొంచెం లేచింది. నడుములో ఎక్కడో కత్తి దిగినట్టయి వదిలేసింది. ఊపిరి పీల్చుకుని మళ్ళీ. మళ్ళీ జానెడు. ఇక్కడ చదునైన జాగా, ఎండ, కడుపులో టీ, చేతికి తొడుగులు లేవు. వాలులో, మంచులో, రెండు అంగీలు తొడుక్కుని, గొర్రెలు చెదిరిపోతూంటే ఎలా ఉంటుందో ఆలోచించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. "ఏమమ్మాయ్, బండిని పడుకోబెట్టి జోల పాడుతున్నావా?" అని వినపడింది. బజారులో టీ, మాంసం కూరిన పూరీలు అమ్ముకునే హండా, అరవై దాటిన మనిషి, ఫ్లాస్కుల బండిని తోసుకుంటూ వచ్చి ఆగి చోద్యం చూస్తోంది.

"నిద్రపోయింది, లేవనంటోంది" అంది దుల్మా.

"కొనకముందే కిందపడేశావా! బుయాంత్ చూస్తే ఈ గీతక్కూడా డబ్బు కట్టించుకుంటాడు. ఉండు, నేనో చెయ్యి వేస్తాను." ఇద్దరూ కలిసి లేపారు, హండా మూలుగుతూ, బూతులు తిడుతూ. లేపాక చేతులు దులుపుకుని, "ఎవరికే ఈ దున్నపోతు?" అంది.

"మా ఆయనకి."

"మరి నువ్వెందుకు పడుకోబెడుతున్నావ్?" అని ఆవిడ టీ పోసి ఇచ్చింది, డబ్బులు తీసుకోలేదు, జవాబు కోసం కూడా ఆగలేదు, బండి తోసుకుంటూ పోయింది. కొంతమంది ఇంతే, ఒక్క ప్రశ్న అడిగేసి తమ దారిన తాము పోతారు, మిగిలినవాళ్ళు ఆ ప్రశ్నతో చావాలి.

ఉప్పు టీ వేడిగా గొంతు దిగింది. పచ్చబండిని పడుకోబెట్టింది. అది పొడుగ్గా ఉంది కాబట్టి పూర్తిగా పడలేదు, ఒక మోచేతి మీద వాలిన మనిషిలా సగమే వాలింది. వీపు పెట్టలేదు, ఊరికే హ్యాండిలూ వెనక కడ్డీ పట్టుకుని మోకాళ్ళు వంచి లేచింది, బండీ తనతోపాటే లేచింది. అంతే. దుల్మా నమ్మలేక మళ్ళీ పడుకోబెట్టి మళ్ళీ లేపింది. మూడోసారి కూడా లేపింది, ఈసారి అవసరం లేదు, సంబరం. తేడా ఎంతో ఉండదు, బరువైన గొర్రె ఒకటి, ఆ ఒక్క గొర్రె బరువే ఇల్లు చేరడానికీ చేరకపోవడానికీ నడుమ ఉంది. ఎడమ పక్కనుంచి అంగీ కుచ్చెళ్ళు ఎత్తి గుర్రమెక్కినట్టే ఎక్కింది, పాదం నేలకి పూర్తిగా ఆనలేదు, ఆనకపోతేనేం, గుర్రం మీద ఆనుతుందా. అక్కడ కూర్చుంటే కంటెయినర్ల మీదుగా ఊరవతల కొండ కనపడుతోంది. బావుంది అనిపించింది. బావుంది అనిపించగానే సిగ్గేసింది, ఎవరో చూసినట్టు గబుక్కున దిగింది. ఆయన మంచంలో పడి ఉంటే నీకు బండి మీద కూర్చోవడం బావుందా అనుకుంది. అవును, బావుంది. అబద్ధం ఆడుకుని ఏం లాభం, ఆడాల్సినవి ఇప్పటికే చాలా ఆడింది.

తొంభై లక్షలు ఎక్కణ్ణించి వస్తాయన్నదానికి బుయాంత్ దగ్గర జవాబు ఉంది, ఆమె అడక్కముందే ఉంది. అన్న బూడిదరంగు గుర్రాన్ని ఇచ్చెయ్యి వదినా, మిగతాది చెల్లు, నేను దాని మీద ఆరేళ్ళనించీ కన్నేశాను, అన్న ఎప్పుడూ నవ్వేసి ఊరుకునేవాడు, ఇప్పుడైతే అన్నకి ఎలాగూ... అని అక్కడ ఆగాడు. ఆగాడు కాబట్టి బతికిపోయాడు. ఎలాగూ తర్వాతి మాట ఎవరూ అనరు. ఈ నేల మీద పుట్టినవాళ్ళెవరూ అనరు, చెడ్డమాట నోట్లోంచి బయటికి వస్తే అది ఊరికే పోదని, వినపడినవాడి గుడారం వెతుక్కుంటూ వస్తుందని చిన్నప్పుడే నోటి మీద కొట్టి నేర్పుతారు. జబ్బుమనిషిని బావున్నాడంటారు, చచ్చిన దూడని పడుకుందంటారు. అందుకే డాక్టరమ్మ, పట్నం నుంచి వచ్చిన చిన్నపిల్ల, పాపం ఆ మర్యాదలు తెలియక, వరండాలో నిలబెట్టి నిండుగా చెప్పేసింది. కర్ర పట్టుకుని గుడారం చుట్టూ నడుస్తాడు, అదే ఎక్కువ, వెన్నులో ఆ ఎముక ఇక అతకదు, గుర్రమెక్కడం, బండెక్కడం ఇక లేదు, ఈ జన్మకి లేదు, ఒక్క కుదుపు చాలు. దుల్మా ఆ పిల్ల నోటి వైపు చూస్తూ ఉండిపోయింది, ఇంత చిన్న నోరు ఇంత మాట ఎలా అంటుందని. తర్వాత లోపలికి పోయి, ఏమన్నారు అని ఆయన అడిగితే, వసంతం దాకా ఆగమన్నారు అంది. నోరు దానంతటదే అంది. అబద్ధమని కూడా అనిపించలేదు అప్పుడు, నోటికి రానివ్వకుండా ఉంటే ఆ మాట దారి తప్పి ఇంకెక్కడికైనా పోతుందేమో అనిపించింది. నెల అయింది. మాట ఎక్కడికీ పోలేదు, దుల్మా ఛాతీలోనే ఉంది, నీళ్ళబిందె మోస్తున్నప్పుడు బిందెతో పాటు, పొయ్యిలో పిడకలు పెడుతున్నప్పుడు పిడకలతో పాటు దాన్నీ మోస్తోంది. ఈ అలసట పనిది కాదు. పని చెయ్యని రోజంటూ తన బతుకులో ఎప్పుడుంది, ఎప్పుడూ ఇంత అలవలేదు.

ఎర్రబండి కొనుక్కుని పోతే ఏమీ చెప్పక్కర్లేదు. అదీ దాని గొప్ప. గుడారం ముందు నిలబెడితే ఆయన తలుపులోంచి చూసి మురుస్తాడు, గడ్డకట్టిన చలిలో కూడా మీద గుడ్డ కప్పావా అని అడుగుతాడు, వసంతం ఇంకా నాలుగు నెలలుంది, మూడు నెలలుంది అని లెక్కపెట్టుకుంటాడు. ఆ లెక్కతోనే శీతాకాలం గడిపేస్తాడు, మనిషికి శీతాకాలం గడపడానికి ఏదో ఒకటి కావాలి కదా. తను జాగ్రత్తగా తోలుకుంటుంది, బొరియల్లేని దారిన పోతుంది, పడదు. ఇరవై ఏళ్ళు బండి తోలిన మనిషే పడ్డాక తను పడనని ఎలా అనుకుందో, అనుకుంది ఆ క్షణానికి. ఆ వెంటనే కాళ్ళ మీద బండి, చుట్టూ మంచు, మంద ఇంటికి నడిచిపోవడం కనపడింది, గొర్రెలే గుడారం ముందుకి వస్తాయి, లోపల మంచంలో ఆయన చెవులు రిక్కించి బండి చప్పుడు కోసం వింటూ ఉంటాడు, వింటూనే ఉంటాడు, గుర్రమెక్కలేడు, గుర్రానికి తాడు కట్టి వెతుక్కుంటూ రావడానికి ఎవరూ ఉండరు. అలాంటివి ఆలోచించకూడదని మూడుసార్లు ఉమ్మింది. ఉమ్మినా అది అక్కడే ఉంది. ఒకటింపావు. బుయాంత్ చెయ్యి తుడుచుకుంటూ వస్తూ ఉంటాడు. దుల్మా అంగీ లోంచి ఫోన్ తీసింది.

వాళ్ళ లోయలో సిగ్నలు ఒకే ఒక్కచోట తగులుతుంది, గుర్రాల్ని కట్టే రాట దగ్గర, అందుకని ఫోన్ ఆ రాటకి కొట్టిన రేకుడబ్బాలో ఉంటుంది. మోగితే ఎవరైనా అక్కడికే పోవాలి. మొదటిసారి మోగి మోగి ఆగిపోయింది. కంగారు పడొద్దు, లేస్తున్నాడు అనుకుంది. దుప్పటి తీశాడు, కర్ర అందుకున్నాడు, తలుపు తోశాడు అని మనసులోనే వెంట నడిచింది, కుక్క కాళ్ళకి అడ్డం పడొద్దు అనుకుంది. మళ్ళీ చేసింది, మళ్ళీ ఆగిపోయింది. మూడోసారి ఎత్తాడు, ముందు ఊపిరి వినపడింది, తర్వాత గాలి.

"కొన్నావా?" అన్నాడు.

"నిలబడ్డావా?"

"లేదు, రాట మొదట్లో కూర్చున్నా. స్పీకర్ పెట్టి డబ్బాలోకి అరుస్తున్నా. చులూన్ వాళ్ళక్కూడా వినపడుతూ ఉంటుంది, మంచీచెడూ చూసి మాట్లాడు. కొన్నావా లేదా?"

"ఎర్రది లేపలేకపోయాను" అంది.

"లేపడమేంటి?"

"పడుకోబెట్టి లేపి చూశాను. లేవలేదు. పచ్చది లేచింది. మూడుసార్లు."

"నీకెందుకే లేపడం? వసంతానికి నేను..."

"నువ్వు ఎక్కవు" అంది దుల్మా. గొంతు పెద్దదయింది, పక్క దుకాణంలో ఎవరో తలెత్తి చూశారు, చూస్తే చూడనీ. "వసంతానికీ ఎక్కవు, ఆపై వసంతానికీ ఎక్కవు. ఆ డాక్టరమ్మ చెప్పింది. నేను నీకు చెప్పలేదు. గుర్రమూ ఎక్కవు, బండీ ఎక్కవు. తోలేది నేను. ఇకమీదట నేనే తోలాలి. అందుకని నేను లేపగలిగింది కావాలి." అనేసింది. ఇంత చిన్న మాటా అది. నెలరోజులు మోసినదానికి ఇంకా పెద్దదనుకుంది. ఫోను చెవికి అదిమి పట్టుకుంది.

అవతల గాలి. కుక్క ఒకటి మొరిగింది, ఎవర్నో కాదు, ఊరికే. పెట్టేశాడేమో అనుకుంది, పెట్టెయ్యడానికైనా లేవాలి కదా.

"అందుకా ఆ రోజు ఐస్‌క్రీం కొనిపెట్టావ్" అన్నాడు ఆయన. "ఆసుపత్రి బయట. రెండు కొన్నావ్. ఈ పిసినారిది అడక్కుండా ఐస్‌క్రీం కొనడమేంటా అని అప్పుడే అనుకున్నా."

దుల్మాకి ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది, రెండూ ఒకేసారి ముక్కులోకి ఎక్కి దగ్గొచ్చింది. "డబ్బులు చాలవు" అంది. "బుయాంత్ గుర్రాన్ని అడుగుతున్నాడు. నీ గుర్రాన్ని. నేనింకా మాటివ్వలేదు."

మళ్ళీ గాలి. ఈసారి గాలిలోనే గుర్రం ముక్కు చీదడం వినపడింది, రాటకే కదా కట్టి ఉంటుంది, ఆయన తలకి జానెడు దూరంలో నిలబడి ఉంటుంది. అమ్మిన జంతువు వెంట ఇంటి భాగ్యం పోకుండా తోకలోంచి నాలుగు వెంట్రుకలు తీసి దాచుకుంటారు, తీశాక ఇక ఆ బేరానికి తిరుగులేదు. "వాణ్ణి ఎల్లుండి రమ్మను" అన్నాడు ఆయన నెమ్మదిగా. డబ్బాలోకి అరవడం మానేసినట్టున్నాడు, సరిగ్గా వినపడటం లేదు. "వాడొచ్చేలోగా వెంట్రుకలు నేనే తీస్తాను. కూర్చునే తీస్తాను, అది కదలదు."

"సరే."

"దానికి ఎడమ డెక్క మెత్తన, రాళ్ళ మీద ఉరికించొద్దని చెప్పు."

"చెప్తా."

బుయాంత్ వచ్చాడు. గుమ్మం దగ్గర నిలబడి పళ్ళు కుట్టుకుంటూ వదిన మొహం చూసి, ఏదో అడగబోయాడు. దుల్మా అతని వైపు అరచెయ్యి ఎత్తి ఆగమంది. అతను ఆగాడు. పొద్దున్నించీ ఆమె మాటకి ఎవరైనా ఆగడం ఇదే మొదటిసారి.

"ఏమే" అన్నాడు ఆయన మళ్ళీ గొంతు పెంచి. "దానికి కిక్కా, బటనా?"

"రెండూ ఉన్నాయి."

"బటన్ని నమ్ముకోకు. చలికి బ్యాటరీ చచ్చిపోతుంది. సాయంత్రం ఇంటికి రాగానే బ్యాటరీ విప్పి లోపలికి తెచ్చి నా మంచం పక్కన పెట్టు, నేను చూసుకుంటాను. పొద్దున్న తాళం తిప్పకుండానే కిక్కుని నెమ్మదిగా ఐదారుసార్లు తొక్కు, లోపల నూనె కదులుతుంది. కాలంతా వెయ్యకు, మడమతో తొక్కు, అది వెనక్కి తంతే మోకాలు పోతుంది. అప్పుడు చోక్ లాగు. పూర్తిగా లాగు, సగం లాగి ఊరుకోకు. వింటున్నావా?"

"వింటున్నా."

"మరీ గడ్డకట్టిన రోజైతే పళ్ళెంలో పిడకల నిప్పు పోసి ఇంజను కింద పెట్టు. ముందు పెట్రోలు గొట్టం కారుతోందేమో చేత్తో తడిమి చూడు, కళ్ళతో కాదు. నిప్పు నేను సిద్ధం చేసి ఉంచుతాను, నువ్వు పాలు పితికి వచ్చేసరికి."

ఇవన్నీ దుల్మాకి తెలుసు. ఇరవై ఏళ్ళుగా ఆయన బండిని పొద్దున్నే వెచ్చబెట్టి ఉంచింది ఎవరు మరి. బండి ఎలా తోలాలో ఆయనకి పెళ్ళైన కొత్తలో నేర్పింది కూడా తనే, వాళ్ళ నాన్న బండి మీద, ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పడు. రెండు గంటలు కావస్తోంది, తొంభై కిలోమీటర్లు పోవాలి, బుయాంత్ గడియారం చూసుకుంటున్నాడు. దుల్మా పచ్చబండి సీటుకి ఆనుకుని, ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంది.

"ఇంకా?" అంది. "ఇంకా చెప్పు."